నత్తల సెలెక్షన్ కమిటీ

కాకినాడలో ఎవరికైనా సముద్రం చూడాలనిపిస్తే బీచికి వెళ్తారు. తీర విజ్ఞాన మండలి ఆఫీసువాళ్ళకి ఆ శ్రమ కూడా లేదు, కిటికీ తెరిస్తే చాలు. అయినా మండలి డైరెక్టరు త్రిలోచన్ గారి కంటికి ఆ సముద్రం ఆనలేదు. ఆయన ఏదో దేశం వెళ్ళి, ఏదో సదస్సులో కునికి, ఏదో హోటల్లో గోడంత ఉప్పునీటి అక్వేరియం చూసి వచ్చారు. వచ్చిన మర్నాడే స్టాఫ్ మీటింగు పెట్టి, తీరప్రాంత ప్రజలకి సముద్రం పట్ల అవగాహన కల్పించడం మన ప్రథమ కర్తవ్యమనీ, అందుకు మన హాల్లో ఒక సముద్రం ఉండి తీరాలనీ సెలవిచ్చారు. కిటికీలోంచి కనబడేదాని సంగతేమిటని ఎవరూ అడగలేదు. అలాంటివి అడిగే మనిషి ఆ ఆఫీసులో ఒకాయన ఉండేవాడు. బదిలీ అయిపోయాడు.

అక్వేరియం వచ్చింది. అందులోకి ఇసుక వచ్చింది, రాళ్ళు వచ్చాయి, పగడాలు వచ్చాయి, కాషాయం రంగు మీద తెల్ల చారలున్న చేపలు వచ్చాయి. ఉప్పు మాత్రం విదేశం నుంచి ప్యాకెట్లలో వచ్చింది. రోడ్డు దాటితే సముద్రపు నీళ్ళు బిందెలతో తెచ్చుకోవచ్చు గాని, సదరు సముద్రానికి నాణ్యతా ధ్రువపత్రం లేదు కనుక దాని నీటిని ప్రభుత్వ అవసరాలకు వాడుట సమంజసం కాదని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ వారు ఫైల్లో రాశారు. ఆ ముక్క రాసినవాడే మన జగ్గారావు.

పుల్లేటికుర్తి జగ్గారావు ఆ సెక్షన్‌కి సూపరింటెండెంటు. మనిషి సన్నగా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఏ చిన్న మాటకైనా ముందు గొంతు సవరించుకుని మాట్లాడతాడు. సర్వీసంతటిలో ఆయన రాసిన డ్రాఫ్టు ఒక్కటి కూడా దిద్దుబాటు కోసం తిరిగి రాలేదు. పైఆఫీసులో సైతం తిరుగులేని ఉత్తర్వు కనబడితే 'జగ్గారావు డ్రాఫ్టులా ఉంది' అంటారని వినికిడి. గేటు దగ్గర టీకొట్టులో గుమాస్తాలు ఆ మాట అనుకుంటున్నప్పుడు ఆయన విననట్టే వెళ్తాడు. కాకపోతే అక్కడికొచ్చేసరికి నడక కాస్త నెమ్మదిస్తుంది.

ఇంత పేరున్నా ఆయనకి ఒక కొరత ఉండిపోయింది. మండలిలో పరిపాలనాధికారి పోస్టు ఖాళీగా ఉంది. దానికి అద్దాల గది, గదికి తలుపు, తలుపుకి పేరు రాసే పలక. సీనియారిటీలో జగ్గారావుదే మొదటి పేరు. ఆయన తర్వాత పేరు అకౌంట్స్ సూపరింటెండెంటు హైమావతిగారిది. రిటైరయ్యేలోగా ఆ పలక మీద తన పేరు చూసుకోవాలని జగ్గారావుకి గట్టి కోరిక. ఆ కోరిక ఎంతవరకూ ముదిరిందంటే, ఇంటిపేరు పూర్తిగా రాస్తే పలక చాలదేమోనని ఒకసారి గదిలో ఎవరూ లేనప్పుడు జానతో కొలుచుకున్నాడు కూడా. చాలదు. పొట్టి చేసి 'పి.' అని రాయించుకుందామని అప్పుడే తీర్మానించుకున్నాడు.

ఇక అక్వేరియం సంగతి. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అని తప్ప జగ్గారావుకి వేరే తెలీదు. దాన్ని అమర్చడానికొచ్చిన రంగుచేపల షాపు బుల్లెబ్బాయి చెప్పాడు, పగడం రాయి కాదు, చెట్టూ కాదు, ప్రాణమున్న జంతువేనని. ఒకచోట అంటుకుని కూర్చుంటుందట. దీపం వెలిగితే చేతులు చాపుకుంటుంది, ఆర్పితే ముడుచుకుంటుంది. తనంత తానుగా ఎక్కడికీ వెళ్ళదు. దగ్గరికొచ్చింది పట్టుకు తింటుంది. అలాగే బతుకంతా వెళ్ళదీస్తుంది. ఈ మాట విన్నాక జగ్గారావుకి ఆ పగడాల్లో మూలనున్న ఆకుపచ్చదాన్ని చూస్తే సొంత మనిషిని చూసినట్టయింది. దానికి మనసులో హెడ్డుగారని పేరు కూడా పెట్టుకున్నాడు. అప్పటినుంచి మధ్యాహ్నం క్యారియరు తీసుకుని హాల్లోకొచ్చి, హెడ్డుగారి ఎదురుగా కుర్చీ వేసుకుని భోంచేసేవాడు. ఆఫీసులో ఆయన ఇంకెవరితోనూ కలిసి తిన్నది లేదు.

కొన్నాళ్ళకి అద్దానికి పాచి పట్టింది. బుల్లెబ్బాయి వారం వారం వచ్చి అయస్కాంతం గీకుడుబిళ్ళతో గీకేవాడు. గీకినంతసేపు కూడా పట్టకుండా మళ్ళీ పట్టేసేది. చివరికి వాడు చేతులెత్తేసి, పాచి తినే నత్తల్ని వేస్తే తప్ప లాభం లేదన్నాడు. డైరెక్టరుగారు సంబరపడిపోయి, నత్తలు కొనమని ఫైలు మీద రాసేశారు.

ఫైలు హైమావతిగారి బల్ల దగ్గర ఆగింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. చదివిన ప్రతి అక్షరాన్నీ నమ్మే మనిషి. పొదుపు ఉత్తర్వుల ప్రకారం జీవాల కొనుగోలు నిషిద్ధం. మండలికి ఎప్పుడో జీవాల పద్దు ఉండేదిగాని, అది బండి ఎద్దుల కోసం పెట్టినది. నత్తని ఎద్దుగా చూపించాలంటే పశువుల డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. పశువుల డాక్టరు నత్తని చూసి, ఇది నా పరిధి కాదని రాసిచ్చాడు.

డైరెక్టరుగారు మీటింగు పెట్టి, మండలి వార్షికోత్సవం నాటికి అక్వేరియం అద్దంలా ఉండాలన్నారు. ఈ చిక్కు విప్పినవాళ్ళ సేవల్ని మండలి మరిచిపోదంటూ ఖాళీగా ఉన్న అద్దాల గదివైపు చూశారు. ఆయన చూపు వెంబడే జగ్గారావు చూపూ వెళ్ళింది.

ఆ రాత్రి ఆయన మంచం మీద తెగ దొర్లాడు. తెల్లారి ఆఫీసుకొచ్చి, గొంతు సవరించుకుని చెప్పాడు.

"మనం నత్తల్ని కొనడం లేదండి. నత్తల సేవల్ని వినియోగించుకుంటున్నాం. పారిశుధ్య సేవల్ని అవుట్‌సోర్సింగు మీద తీసుకోవడానికి మనకి ఉత్తర్వులున్నాయి. పనివాడికి రెండు కాళ్ళుండాలని అందులో ఎక్కడా లేదు."

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపారు. హైమావతిగారు ఉత్తర్వులు తెప్పించి ఆసాంతం చదివి, నిజమే, కాళ్ళ ప్రస్తావన లేదన్నారు. సాయంత్రం జగ్గారావు ఇంటికి జీడిపప్పు పాకం పట్టుకెళ్ళాడు. భార్య మంగతాయారు, ఏమిటి విశేషమని అడిగితే, ఇంక పలక రాయించడమే తరువాయన్నాడు.

ఇంత తెలివైనవాడికి మర్నాటినుంచి ఏం జరగబోతోందో తట్టకపోవడమే వింత. సేవలు అన్నాక సిబ్బంది అన్నమాట. సిబ్బంది అన్నాక ఎంపిక ఉంటుంది. ఎంపిక అన్నాక సెలెక్షన్ కమిటీ ఉంటుంది. డైరెక్టరుగారు ఛైర్మన్, హైమావతిగారు మెంబరు, జగ్గారావు కన్వీనరు. ఆయనే స్వహస్తాలతో నోటిఫికేషన్ రాశాడు. 'అభ్యర్థులు పాచి భక్షించుటయందు తగిన అనుభవము కలిగియుండవలెను. దేహదారుఢ్యము, సత్ప్రవర్తన తప్పనిసరి. ఎంపిక విషయమున సిఫార్సులు చేయించువారు అనర్హులుగా ప్రకటింపబడుదురు.' రెండు పేపర్లలో వేయించారు. అభ్యర్థుల పూర్వచరిత్ర గురించి పోలీసు స్టేషన్‌కి రాస్తే, సదరు నత్తల మీద మా పరిధిలో కేసులేమీ లేవని జవాబు కూడా వచ్చింది. అది చూసి జగ్గారావు నవ్వుకోలేదు. ఫైల్లో గుచ్చి, దానికి పేజీ నంబరు వేశాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా హైమావతిగారికి ఒక సందేహం వచ్చింది. అభ్యర్థులకి ప్రాక్టికల్ పరీక్ష మన అక్వేరియం పాచి మీదే పెడతాం కదా. మరి పరీక్షకి ముందు బుల్లెబ్బాయి వచ్చి ఆ పాచిని గీకేస్తుంటే, అది ప్రశ్నపత్రాన్ని పాడుచేసినట్టు కాదా? ఈ మాటలో తప్పు కోసం మీటింగులో అందరూ వెతికారు. అందులో తప్పు కనబడలేదు.

జగ్గారావు ఆ పూటే ఉత్తర్వు తయారుచేశాడు. 'అక్వేరియమందలి పాచి నేటినుండి పరీక్షా సామగ్రిగా పరిగణింపబడును. పరీక్ష ముగియువరకు దానిని గీకుట, తుడుచుట, తగ్గించుట లేదా మరే విధముగానైనను దాని పెరుగుదలకు భంగము కలిగించుట నిషిద్ధము.' మూత మీద లక్క పోసి, కాగితం పట్టీ అంటించి, దాని మీద తేదీ వేసి కన్వీనరు హోదాలో సంతకం పెట్టాడు. గీకుడుబిళ్ళని బీరువాలో పెట్టి తాళం వేశారు. చేపలకి మేత వెయ్యడానికి మూతలో ఒక పక్కన చిన్న తలుపు ఉంచారు. అది కూడా ఇద్దరు మెంబర్ల సమక్షంలో తెరవాలి. రాసిన ఉత్తర్వు మరోసారి చదువుకుంటే జగ్గారావుకి ఒళ్ళు పులకరించింది. చీమ దూరే సందు కూడా లేదు.

ఇంటర్వ్యూ రోజున బుల్లెబ్బాయి కొత్త చొక్కా వేసుకుని, సరఫరాదారు హోదాలో నాలుగు ట్రేలతో వచ్చాడు. నాలుగింటిలోనూ నాలుగు రకాల నత్తలు. వాడి నోట ఒక నత్తకి కూడా వంక రాదు. అన్నీ బంగారమేనంటాడు, సెల్‌ఫోన్లో వీడియోలు చూపిస్తాడు, తన ఇంట్లో అక్వేరియం చూస్తే కలెక్టరుగారైనా ముక్కున వేలేసుకోవాలంటాడు. కమిటీ వాణ్ణి బయట కూర్చోబెట్టి, అవసరమైనప్పుడు పిలిచింది.

మొదటి అభ్యర్థి టర్బో. పెద్దది, గుండ్రంగా బలంగా ఉంది. ఇద్దరు మెంబర్ల సమక్షంలో అక్వేరియంలోంచి తీసి ట్రేలో పెట్టిన పాచిరాయిని కమిటీ చూస్తుండగానే నున్నగా నాకేసింది. అంతా బాగుందిగాని, వెళ్తూ వెళ్తూ పక్కనున్న రాళ్ళని భుజంతో తోసి పడేసింది. తోటివాళ్ళని పడగొట్టే అభ్యర్థిని ఎలా తీసుకుంటామని హైమావతిగారు అడిగారు. డైరెక్టరుగారు కాసేపు ఆలోచించి, ఆ అర్హత ఉన్నవాళ్ళు మండలిలో ఇప్పటికే కావలసినంతమంది ఉన్నారని చెప్పి, కొట్టేశారు.

రెండోది ఆస్ట్రియా, దేశం కాదు, నత్త పేరే. చిన్న గోపురంలా ముద్దుగా ఉంది, పనిమంతురాలు. పాపం, అద్దం మీదనుంచి జారి వెల్లకిలా పడింది. పడ్డది పడ్డట్టే ఉంది. బుల్లెబ్బాయిని పిలిస్తే, ఇది వెల్లకిలా పడితే తనంతట లేవలేదనీ, మనమే తిరగెయ్యాలనీ చెప్పాడు. తిరగెయ్యడానికి ఒక సహాయకుడి పోస్టు మంజూరు చేయించుకుంటే తప్ప దీన్ని తీసుకోలేమని తేల్చారు.

మూడోది నెరైట్. అద్దం మీద దీనిపని అందరికీ నచ్చింది. మార్కులు వేద్దామని చూస్తే అభ్యర్థి ట్రేలో లేదు. వెతగ్గా వెతగ్గా డైరెక్టరుగారి ఫైలు మీద నడుస్తూ దొరికింది. నీళ్ళలోంచి బయటికి షికారుకి పోవడం దానికి అలవాటట. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ వదిలే అభ్యర్థి అని జగ్గారావు తన చేత్తోనే రాశాడు.

నాలుగోది సెరిత్. సన్నగా సూదిగా ఉంటుందని బుల్లెబ్బాయి చెప్పగా విన్నారుగాని, ఎవరూ చూడలేదు. అది పగలంతా ఇసుకలో దూరి పడుకుంటుంది, పొద్దుగూకాక పనిలోకి దిగుతుంది. బంట్రోతు తలుపు దగ్గర నిలబడి మూడుసార్లు పేరు పిలిచాడు. ట్రేలో ఇసుక కదల్లేదు. 'అభ్యర్థి హాజరు కాలేదు' అని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు.

అర్హులు లేనందున మళ్ళీ నోటిఫికేషన్ ఇవ్వాలనీ, అందాకా సీలు అలాగే ఉంచాలనీ తీర్మానమైంది. బుల్లెబ్బాయి ట్రేలు సర్దుకుంటూ జగ్గారావు దగ్గరికొచ్చి నసిగాడు.

"ఇది ఒక్కదానివల్ల అయ్యే పని కాదండి. అద్దానికి ఒకటి, రాళ్ళకి ఒకటి, ఇసుక్కి ఒకటి, తలా కాసిని వేసుకుంటే సరిపోద్దండి. ఒక్కోదానికీ ఒక్కో లోపం ఉంటే ఉంటాదండి, మనకి లేవేటండి?"

జగ్గారావుకి ఆ మాట నచ్చలేదు. నోటిఫికేషన్‌లో ఒకే పోస్టు చూపించామనీ, ఒక పోస్టులో నాలుగు రకాలవాళ్ళని కూర్చోబెట్టడం కుదరదనీ గట్టిగా చెప్పి పంపేశాడు.

పాచికి నోటిఫికేషన్లతో పనిలేదు. అది అద్దమంతా పాకింది, రాళ్ళెక్కింది, పగడాల మొదళ్ళు చుట్టుకుంది. ఒక మధ్యాహ్నం జగ్గారావు క్యారియరు విప్పి ఎదురుగా చూస్తే హెడ్డుగారు చేతులు చాపలేదు. మర్నాడూ చాపలేదు. దీపం వెలుగుతోంది, నీళ్ళు కదులుతున్నాయి, ఆకుపచ్చరంగు మాత్రం పాలిపోతోంది, వేళ్ళ చివర్లు తెల్లబడుతున్నాయి. జగ్గారావుకి ముద్ద దిగలేదు. ఒక జంతువు, అదీ పేరుకే జంతువు, దానికోసం తనకి గుండెల్లో ఇలా పట్టేసినట్టుండడమేమిటని సిగ్గుపడ్డాడు. సిగ్గుపడినా బెంగ తగ్గలేదు.

గీకడానికి అనుమతి కోరుతూ ఫైలు పెట్టాడు. ఆ ఫైలు తిరిగి ఆయన సెక్షన్‌కే వచ్చింది, ఉత్తర్వులో ఇటువంటి సందర్భానికి మినహాయింపు ఉన్నదేమో పరిశీలించి నివేదించమని. జగ్గారావు తన ఉత్తర్వుని ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చదివాడు. మినహాయింపు లేదు. ఎవరో చేతకానివాడు రాసి ఉంటే ఎక్కడో ఒకచోట సందు వదిలేసి ఉండేవాడే అనుకున్నాడు.

ఇంట్లో కంచం ముందు కూడా ఆయన కెలుకుతూ కూర్చుంటే మంగతాయారు అడిగింది, ఎవరికైనా బాగోలేదా అని. ఆఫీసులో ఒకాయనకి బాగోలేదన్నాడు. పెద్దాయనా అంటే, సీటులోంచి లేవని మనిషన్నాడు. డాక్టరుకి చూపించరా అంటే, రూల్సు ఒప్పుకోవన్నాడు.

"మనిషి పోతుంటే ఒప్పుకోని రూల్సు ఎవరు రాశారండీ?" అంది మంగతాయారు.

జగ్గారావు మజ్జిగ పోసుకున్నాడు.

రెండో శనివారం ఆఫీసుకి సెలవు. ఆ పొద్దున్నే జగ్గారావు బుల్లెబ్బాయి షాపుకెళ్ళి, తలా కాసిని ఇమ్మన్నాడు. సొంత జేబులోంచి తీసిచ్చాడు. ఇద్దరూ కలిసి ఆఫీసుకొచ్చారు. వాచ్‌మన్ సూపరింటెండెంటుగారికి సలాం కొట్టి తలుపు తీశాడు. సంతకమున్న పట్టీని జగ్గారావు రెండుసార్లు చదువుకుని, చింపేశాడు. తన సంతకాన్ని తానే చింపడం ఆయనకి అదే మొదలు. లక్క విరిగింది. బుల్లెబ్బాయి నత్తల గిన్నెలోకి అక్వేరియం నీళ్ళు చుక్క చుక్కగా వదిలాడు. ఒక్కసారిగా నీళ్ళు మారితే వాటికి పడవట, అలవాటు చెయ్యాలట. అయ్యేదాకా జగ్గారావు పక్కనే నిలబడ్డాడు, ఆస్పత్రిలో ఆపరేషన్ గది బయట నిలబడ్డవాడిలా. ఆ తర్వాత ఒక్కొక్కదాన్నే తన చేత్తో అద్దానికి అంటించాడు. బుల్లెబ్బాయి, టర్బోలు తొయ్యకుండా రాళ్ళకి జిగురు పెట్టాడు. వెల్లకిలా పడ్డవాటిని వచ్చినప్పుడల్లా తిరగేస్తానని జగ్గారావు మాట ఇచ్చాడు.

అంతా అయ్యాక మళ్ళీ లక్క పోసి, కొత్త పట్టీ అంటించి, సంతకం పెట్టి, కింద తేదీ వెయ్యాలి. వెనకటి తేదీ వేసేస్తే ఎవరికీ తెలియదు. బుల్లెబ్బాయి అదే అన్నాడు. నత్తల్ని దొంగతనంగా వెయ్యడానికి ఒప్పుకున్న జగ్గారావు మనసు, తప్పుడు తేదీ వెయ్యడానికి ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి ఆ రెండో శనివారం తేదీనే ముత్యాల్లాంటి అక్షరాలతో వేసి ఇంటికెళ్ళిపోయాడు.

నత్తలు ఎవరికీ చెప్పకుండా పని మొదలెట్టాయి. అద్దం తేటపడింది. రాళ్ళ రంగు బయటపడింది. ఒక మధ్యాహ్నం జగ్గారావు కూర్చుని ఉండగా హెడ్డుగారు ఒక వేలు చాపారు, తర్వాత ఇంకోటి. జగ్గారావుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా చూస్తారేమోనని ఆవకాయ ఘాటన్నట్టు ముక్కు తుడుచుకున్నాడు. వార్షికోత్సవంలో డైరెక్టరుగారు మైకు పట్టుకుని, ప్రకృతి తన్ను తానే శుద్ధి చేసుకుంటుందని మండలి పరిశోధనలో తేలిందన్నారు. చప్పట్లు మారుమోగాయి.

రెండో విడత ప్రాక్టికల్‌కి ముందు హైమావతిగారు సీలు తనిఖీ చేశారు. పట్టీ మీద తేదీ చూశారు. క్యాలెండరు చూశారు. అద్దం లోపలికి చూశారు. అక్కడ ఎంపిక కాని అభ్యర్థులు నాలుగు రకాలూ విధుల్లో ఉన్నారు.

డైరెక్టరుగారి గదిలో జగ్గారావు ఉన్నదంతా ఒప్పేసుకున్నాడు. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీరు మంచిపని చేశారు, తప్పుపని కూడా చేశారు. మొదటిదానికి మండలి తరఫున నోటిమాటగా అభినందనలు. రెండోదానికి లిఖితపూర్వకంగా చర్యలు."

ఛార్జి మెమో డ్రాఫ్టు హైమావతిగారు తయారుచేశారు. మెమోలన్నీ బయటికెళ్ళేది ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నుంచే కనుక, అది జగ్గారావు బల్ల మీదికే వచ్చింది. చదివితే ఆయనకి మతిపోయింది. సీలు చింపడం క్రమశిక్షణ రూలు కింద రావాలి, ఆవిడ స్టేషనరీ రూలు కింద రాశారు. బ్యాక్‌డోర్ నియామకాల ఉత్తర్వుని ఉదహరించనేలేదు. తేదీల వరస తప్పు. ఈ మెమోకి నాలుగు ముక్కల్లో జవాబు రాసి కొట్టిపారెయ్యొచ్చు. కొట్టిపారేస్తే పలక మీద పేరు ఖాయం.

జగ్గారావు దాన్ని పక్కన పెట్టాడు. మంచినీళ్ళు తాగాడు. వేరే ఫైళ్ళు చూశాడు. మనసంతా ఆ స్టేషనరీ రూలు మీదే ఉంది. తన సెక్షన్ నుంచి, తన చేతుల మీదుగా, ఇలాంటి చెత్త బయటికి వెళ్ళడమా? సాయంత్రానికి ఉండబట్టలేక ఎర్రసిరా కలం తీశాడు. రూలు మార్చాడు, వరస దిద్దాడు, బ్యాక్‌డోర్ ఉత్తర్వు చేర్చాడు, ఆవిడకి తట్టని మూడో అభియోగం కూడా ఒకటి తనే చేర్చాడు. పూర్తయ్యాక చదువుకుంటే ఎంత కుదిరిందంటే, తన మీద తనకే జాలి కలగలేదు.

విషయం తెలిసి మంగతాయారు తల పట్టుకుంది. తప్పులుంటే ఉండనివ్వచ్చు కదండీ, మీకేం పోయిందండీ, పోయేదంతా మనకే కదండీ అని నిలదీసింది. జగ్గారావు ఆ మెమోకి సంజాయిషీ రాద్దామని కూర్చున్నాడు. ఎటునుంచి చూసినా తప్పించుకునే దారి కనబడలేదు. నేరం అంగీకరిస్తున్నానని ఒక్క వాక్యం రాసిచ్చాడు.

అద్దాల గది హైమావతిగారికి వెళ్ళింది. ఆవిడ పేరు చిన్నది, పలక మీద ఇంకా చోటు మిగిలింది. జగ్గారావు ఆ గది ముందునుంచి వెళ్ళకుండా కొన్నాళ్ళు మెట్లవైపు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. మరోవైపు, తన మెమో తనే దిద్దుకున్న మనిషి అన్న సంగతి జిల్లా అంతా పాకింది. పైఆఫీసు ఆ మెమోని నమూనాగా అన్ని కార్యాలయాలకీ పంపింది. గేటు దగ్గర గుమాస్తాలు లేచి నిలబడి మరీ నమస్కారం పెడుతున్నారు. పదవి పోతే పోయింది, పేరు మిగిలిందని ఆయన సర్దుకున్నాడు. ఇంకొకరైతే ఈ లెక్కకి నవ్వుతారు. ఆయనకి అది నిజంగానే ఓదార్పు.

అప్పుడు తేలింది నత్తల సంగతి. బ్యాక్‌డోర్ నియామకం చేసినవాణ్ణి శిక్షించి, నియామకమైనవాళ్ళని కొనసాగిస్తే ఆడిట్‌వాళ్ళు ఊరుకుంటారా? వాటిని తక్షణం తొలగించాలని డైరెక్టరుగారు ఆదేశించారు. హైమావతిగారు జగ్గారావుని పిలిచి, తొలగింపు ఉత్తర్వు మీరే రాయాలండి, ఇంకొకరైతే లోపాలుంటాయన్నారు. ఆవిడ అన్నది మనస్ఫూర్తిగానే.

జగ్గారావు హాల్లోకొచ్చి కూర్చున్నాడు. హెడ్డుగారు నిండుగా విచ్చుకుని ఊగుతున్నారు. ఆయన మొదలు దగ్గర ఒక టర్బో తాపీగా పాచి నాకుతోంది. ఒక ఆస్ట్రియా వెల్లకిలా పడి ఉంటే, పక్క తలుపు తీసి చెయ్యి పెట్టి తిరగేశాడు. ఇప్పుడు అడ్డుకునేవాళ్ళు లేరు, పరీక్ష రద్దయింది. నత్తలు వెళ్ళిపోతే మళ్ళీ పాచి, మళ్ళీ నోటిఫికేషను, మళ్ళీ కమిటీ. ఈసారి హెడ్డుగారు తట్టుకోరు.

సీటులోకెళ్ళి రాయడం మొదలుపెట్టాడు. మొదటి డ్రాఫ్టు తిరుగులేకుండా వచ్చింది. అలవాటైపోయిన చెయ్యి, దాని తప్పేముంది. అది చింపేశాడు. రెండోది ఇంకా బాగా వచ్చింది. అదీ చింపాడు. మూడోదాంట్లో కళ్ళు మూసుకున్నంత పని చేసి, సంజాయిషీ కోరే పేరాని పూర్తిగా వదిలేశాడు. ఎంతటివాణ్ణి తీసెయ్యాలన్నా ముందు నీ జవాబేమిటని అడగాలి, అడక్కపోతే ఉత్తర్వు చెల్లదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో గుమాస్తాకి నేర్పే విషయమది. ఆ కాగితం చదువుకుంటే ఆయనకి ఒంటిమీద మురికిబట్ట కప్పుకున్నట్టుంది. సంతకం పెట్టి, ఎవరి కంటా పడకుండా కవర్లో పెట్టి, నేరుగా పైఆఫీసు న్యాయవిభాగానికి ఆమోదం కోసం పంపేశాడు.

జవాబు గట్టిగానే వచ్చింది. సహజన్యాయం యొక్క ఓనమాలు తెలియని అధికారి చేత ఈ ఉత్తర్వు తయారుచేయించినందుకు న్యాయవిభాగం విస్మయం వ్యక్తం చేసింది. సదరు నత్తలకు నోటీసులిచ్చి, వాటినుండి లిఖితపూర్వక సంజాయిషీ అందువరకు యథాస్థితి కొనసాగించవలసినదిగా ఆదేశించింది. నోటీసులు అద్దానికి అంటించారు. సంజాయిషీ కోసం మండలి ఎదురుచూస్తోంది.

హైమావతిగారు జగ్గారావుని అద్దాల గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఆయన నిలబడే ఉన్నాడు. ఆవిడ ఆ కాగితాన్ని ముందుకి జరిపి, కింద సంతకం మీద వేలు పెట్టారు.

"ఇది మీరు రాసిందేనాండీ?" అన్నారు.

"నేనేనండి."

"ఒంట్లో ఏమైనా బాగోలేదా? ఆ మెమో వ్యవహారం మనసులో పెట్టుకున్నారా?"

"అదేం లేదండి. పెద్దవాణ్ణవుతున్నాను కదండీ, చూసుకోలేదు."

ఆవిడ మొహంలో జాలి కనబడింది. కోపమైతే ఆయన తట్టుకునేవాడు. బయట కిటికీ దగ్గర ఇద్దరు గుమాస్తాలు ఫైళ్ళు తిరగేస్తున్నట్టు నటిస్తూ వింటున్నారు. జగ్గారావుకి చెవులు వేడెక్కాయి. నాకు తెలుసమ్మా, కావాలనే వదిలేశానని గొంతుదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే పోయిన పరువు అక్కడికక్కడే తిరిగొస్తుంది. అన్నాడంటే, నత్తల్ని తీసెయ్యడానికి ఇంకో మంచి డ్రాఫ్టు కూడా ఇవాళే తయారవుతుంది.

"ఏమీ అనుకోకండి జగ్గారావుగారూ. ఇకనుంచి మీ డ్రాఫ్టులు బయటికి పంపేముందు మా అకౌంట్స్ సెక్షన్లో ఎవరికైనా ఒకసారి చూపించండి. వాళ్ళు దిద్దిపెడతారు."

జగ్గారావు గొంతు సవరించుకున్నాడు. మాట మాత్రం సన్నగానే వచ్చింది.

"అలాగేనండి. చూపిస్తానండి."